రాత్రి డ్యూటీలో ఒక్కరే, ఆయన్ని లేపడానికి ఇద్దరు కావాలి. ఉంచుకోవాలా, పంపాలా?

ఆరుమంచాలు
మాది లైసెన్సు ఉన్న చిన్న కేర్ హోమ్. ఆరుగురికి అనుమతి, ఆరూ నిండి ఉన్నాయి. పగలు ఇద్దరం, రాత్రి ఒక్కరు. అందులో ఒక పెద్దాయన, 84 ఏళ్లు, 14 నెలల క్రితం వాకర్ పట్టుకుని తనే నడుచుకుంటూ లోపలికి వచ్చారు. పోయిన నెల బాత్రూమ్ గుమ్మం దగ్గర పడ్డారు. ఎముక ఏదీ విరగలేదు గానీ ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉందని 10 రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తిరిగొచ్చాక ఆయన ఆయనలా లేరు. నిలబెడితే మోకాళ్లు మడత పడిపోతున్నాయి, మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరం పట్టాల్సిందే. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు. మిగతా ఐదుగురికీ నిద్ర లేదు.
ఎవరికి ఏ సాయం కావాలో రాసుకునే మా కేర్ ప్లాన్‌లో మాత్రం ఇంకా "ఒకరి సాయంతో నడుస్తారు" అనే ఉంది. కొడుకేమో "ఇదే నాన్న ఇల్లు, ఎక్కడికీ పంపొద్దు" అంటాడు. రాత్రి చేసే అమ్మాయి నడుం పట్టేసి రెండు రోజులు సెలవు పెట్టింది. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. పంపేయమంటే మనసొప్పట్లేదు, ఉంచుకుంటే భయం. మీరైతే ఏం చేస్తారు?

నైట్‌డ్యూటీ_నాగు
కాగితం మీద ఒకరు సరిపోతారు. నా నడుం మీద రాసి ఉంటే ఇద్దరనే ఉంటుంది.

పాతనర్సు
ఉంచాలా పంపాలా అన్నది తర్వాత. ముందు ఎందుకిలా అయ్యారో చూడాలి. 10 రోజులు మంచంలో ఉన్నారన్నారు కదా, అదే పెద్ద దెబ్బ. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లనే 10 రోజులు మంచం దిగకుండా ఉంచితే కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. మీ పెద్దాయనకి దాని పైన ఇన్ఫెక్షన్ కూడా. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్నదంతా శాశ్వతం అనుకోవద్దు, అలాగని దానంతటదే తగ్గిపోతుందనీ అనుకోవద్దు.
మాటలో, ధ్యాసలో తేడా ఉందా? పొద్దున బాగుండి సాయంత్రానికి అయోమయం, లేదంటే అసలు పలక్కుండా మగతగా పడి ఉండటం, అలాంటివి? ఉంటే అది వయసు కాదు, డెలీరియం అయి ఉండొచ్చు, అంటే ఒంట్లో ఇంకేదో తేడా వల్ల ఉన్నట్టుండి మతి తడబడటం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. డాక్టర్‌కి ఇవాళే చెప్పాలి, వారం ఆగే విషయం కాదు.
ఇంకొకటి, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మడమలు, నడుం కింద ఎముక దగ్గర చర్మం చూశారా? ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం ఉన్నవాళ్లకి ఎరుపు సరిగా కనిపించదు, చేత్తో తాకి చూడాలి, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటుంది.

ఆరుమంచాలు
చర్మం చూశాం, ఎడమ మడమ కొంచెం వేడిగా ఉంది. దిండు పెట్టి మడమ గాల్లో తేలేట్టు ఉంచుతున్నాం. అయోమయం అంటారా... రాత్రి చెప్పులు వెతుకుతారు. పగలు కునికిపాట్లు. ఇదంతా నేను వయసే అనుకున్నాను.

అమ్మకూతురు
నేను అవతలి వైపు మనిషిని, అందుకే కొంచెం ఘాటుగా రాస్తున్నా, ఏమనుకోవద్దు. మా అమ్మని ఒక హోమ్‌లో చేర్చినప్పుడు "చివరి వరకూ మేమే చూసుకుంటాం" అన్నారు. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండగా ఫోన్ చేసి "ఇక మా వల్ల కాదు, సామాన్లు తీసుకెళ్లండి" అన్నారు. రెండు రోజుల టైము. అంతకు ముందు మూడు నెలల్లో ఒక్కసారి కూడా "మీ అమ్మగారి అవసరాలు పెరుగుతున్నాయి" అని ఎవరూ నోరు విప్పలేదు. కష్టమైంది అమ్మని పంపినందుకు కాదు, చెప్పకుండా పంపినందుకు. ఆ కొడుకు "నాన్న ఇల్లు" అంటున్నాడంటే, రాత్రి 3 గంటలకి అక్కడేం జరుగుతోందో అతనికి మీరు చెప్పి ఉండరు.

రికార్డుల_రంగడు
అమ్మకూతురు గారన్నది నిజం. ఇంకో వైపు కూడా చూడాలి. లైసెన్సు ఇచ్చేది మంచాల సంఖ్య చూసి మాత్రమే కాదు, ఎలాంటి అవసరాలు ఉన్నవాళ్లని మీరు చూడగలరు అన్నది చూసి. మనిషి పరిస్థితి మారితే మళ్లీ అంచనా వేయాలి, ప్లాన్ తిరగరాయాలి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట తీసేది ఆ కాగితం, రెండోది రాత్రి డ్యూటీ పట్టిక. రెండూ పక్కపక్కన పెడితే మీ కథ వాళ్లకి రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది.
ఒక్క ప్రశ్న అడుగుతా. రాత్రి 2 గంటలకి పొగ అలారం మోగితే, ఆ ఒక్క అమ్మాయి ఆయన్ని బయటికి ఎలా తెస్తుంది? మిగతా ఐదుగురి సంగతేంటి?

ఆరుమంచాలు
రంగడు గారూ, ఈ ప్రశ్నతో నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం డ్రిల్ చేసింది పొద్దున 11 గంటలకి, ముగ్గురం ఉన్నప్పుడు. అందులోనూ ఆయన అప్పుడు నడిచేవారు.

ఊరకే_చదివేవాడిని
మా పెద్దమ్మ ఉండే చోట డ్రిల్ చేస్తే పెద్దవాళ్లంతా బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు, స్టాఫ్ మాత్రం లోపల తాళంచెవి వెతుకుతూ ఉండిపోయారు. పెద్దమ్మ ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతుంది.

ఫిజియో_చిన్నా
నడుం పట్టేసిన అమ్మాయి ఎలా లేపుతోందో అడగండి. నూటికి తొంభై మంది చంకల్లో చేతులు వేసి లాగుతారు. దాంతో ఆయన భుజం జారుతుంది, ఈమె నడుం పోతుంది. మనిషిని చేతులతో ఎత్తడానికి, అదీ అన్నీ అనుకూలంగా ఉంటే, 35 పౌన్లు, అంటే సుమారు 16 కిలోలు దాటకూడదని నిపుణులు లెక్కగట్టారు. ఆ లెక్కన ఇద్దరు పట్టినా సరిపోదు. ఆయన నడుముకి కట్టే బెల్టు మనకి పట్టు దొరకడం కోసం, ఎత్తడానికి కాదు.
ఆయన కాస్తయినా కాళ్ల మీద బరువు ఆన్చగలిగితే, కూర్చున్న మనిషిని నిలబెట్టే పరికరం ఉంటుంది, అది చూడండి. ఆన్చలేకపోతే జోలె లాంటి గుడ్డతో ఎత్తే లిఫ్ట్ కావాలి, దానికి చాలాచోట్ల ఇద్దరు ఉండాలనే నియమం. అంటే లిఫ్ట్ కొంటే రాత్రి ఒక్కరు చాలు అనుకోవద్దు. మంచంలో పక్కకి తిప్పడానికి జారుడు షీట్ వాడండి, ఈడ్చితే చర్మం ఊడుతుంది. కుర్చీ ఎత్తు కూడా చూడండి, కూర్చుంటే తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండాలి. చాలామంది "లేవలేని" పెద్దవాళ్లకి అడ్డం పల్లపు సోఫానే.
డాక్టర్ చేత వ్యాయామానికి రాయించుకోండి. త్వరగా మొదలుపెడితే కొంత తిరిగొస్తుంది. ఎంత అనేది చూస్తే గానీ చెప్పలేం.

ప్రాక్టికల్_పద్మ
ఇంత రామాయణం ఎందుకో. మంచానికి రెండు పక్కలా కమ్మీలు ఎత్తేసి, రాత్రికి డైపర్ వేస్తే నాలుగుసార్లు లేవాల్సిన పనే లేదు. మేం పన్నెండేళ్లుగా చేస్తున్నాం.

పాతనర్సు
పద్మ గారూ, లేచి తిరిగే మనిషికి కమ్మీలు ఎత్తితే ఆయన ఆగరు, వాటి మీదుగా దిగుతారు. అప్పుడు పడేది ఇంకో అడుగు ఎత్తు నుంచి. పరుపుకీ కమ్మీకీ మధ్య మెడ ఇరుక్కుని చనిపోయినవాళ్లున్నారు. దిగకుండా ఆపడానికే ఎత్తితే అది కట్టేయడం కిందకే వస్తుంది. మంచం వీలైనంత కిందికి దించి, పక్కన పరుపు ముక్క వేస్తే చాలావరకు సరిపోతుంది. ఇక డైపర్ సంగతి. మూత్రం వస్తోందని తెలిసి లేవాలనుకునే మనిషితో "అందులోనే పోసుకోండి" అనడం నాకు రాదు.

ప్రాక్టికల్_పద్మ
చెప్పేవాడికి చేసేవాడు లోకువ. వచ్చి మా ఇంట్లో వరసగా ఐదు రాత్రులు చేయండి నర్సమ్మగారూ, తర్వాత మాట్లాడుకుందాం. నేను ఎవర్నీ కట్టేయట్లేదు. నాకున్నది రెండు చేతులు.

నైట్‌డ్యూటీ_నాగు
ఇద్దరూ రైటే. ఐదు రాత్రులు చేస్తే నర్సక్క కూడా కమ్మీ వంక చూస్తుంది, చేయి వేయకపోవచ్చు గానీ చూస్తుంది :)
ఆరుమంచాలు అక్కా, ఆ నాలుగుసార్లు లేవడం ఏ టైముల్లో, ఎందుకో రాసిపెట్టారా? మా దగ్గర ఒకాయన ఇలాగే లేచేవాడు. వారం పాటు గోడ మీద కాగితం అంటించి టైము, కారణం రాశాను. మూడుసార్లు మూత్రానికి, అదీ 9 నుంచి 1 మధ్యలో. ఒకసారి గడియారం చప్పుడుకి. గడియారం తీసేశాం. మూత్రం కథ వేరే.

మందులడబ్బా
నాగు చెప్పిన ఆ "వేరే కథ" నాకు తెలుసు. ఒంట్లో నీరు తీసే మాత్ర ఉందా? ఫ్యూరోసెమైడ్ లాంటిది? నోటితో వేసుకుంటే గంటలో మొదలై ఆరు గంటలపైన పని చేస్తుంది. అది రాత్రి వేస్తే ఆయన రాత్రంతా బాత్రూమ్‌కే. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు రోజుకి రెండుసార్లు అని ఉంటే చాలామంది 8కి, 8కి అని రాసేసుకుంటారు. నిద్రకి ఏమైనా కొత్తగా ఇచ్చారా? అలర్జీ మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్‌ని నిద్రకని ఇస్తుంటారు. పెద్దవాళ్లకి ఏ మందులు మంచివి కావో చెప్పే బీర్స్ జాబితా అని ఉంది, వీలైనంత వరకు ఇది వద్దని అందులో ఉంది. అయోమయం, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం, పడిపోవడం, అన్నీ దాని వెంటే వస్తాయి.
మీరే ఆపేయకండి, టైము కూడా మీరు మార్చకండి. పాత జాబితా, ఆసుపత్రి జాబితా, ఇప్పుడు నిజంగా ఇస్తున్నది, మూడూ పక్కపక్కన రాసి డాక్టర్‌కి పంపండి. కాళ్లు మడత పడుతున్నాయన్నారు కదా, బీపీ పడుకున్నప్పుడు, కూర్చోబెట్టాక, నిలబడగలిగితే నిలబెట్టాక చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అదీ చెప్పండి.

ఆరుమంచాలు
ఫైలు ఇప్పుడే తీశాను. నీటి మాత్ర పొద్దున 8, రాత్రి 8. రాసింది నేనే, నా చేతిరాతే. నిద్రమాత్ర కూడా ఉంది, మందులడబ్బా గారు చెప్పిన పేరే. బీపీ పడుకుంటే 138/76, కూర్చోబెడితే 112/68. డాక్టర్‌కి మెసేజ్ పెట్టాను, రేపు చూస్తామన్నారు.
మూడు వారాలుగా నేను ఆయన్ని పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నా గానీ ఈ కాగితం తీసి చూడలేదు.

అమ్మకూతురు
ఒప్పుకున్నారు, అదే గొప్ప. మా వాళ్లు ఒప్పుకోలేదు.
ఒక మాట చెప్పాలి. అమ్మ ఫైలులో "స్నానానికి సహకరించరు" అని మూడు వారాలు వరసగా రాశారు. నేను వెళ్లి చూస్తే, చల్లటి గదిలో బట్టలన్నీ తీసేసి నెత్తి మీద షవర్ తిప్పుతున్నారు. ఆవిడ అరవకేం చేస్తుంది? కొత్త చోట గది ముందే వెచ్చగా చేసి, భుజాల మీద పెద్ద తువ్వాలు కప్పి, చేతి షవర్‌తో కాళ్ల నుంచి మొదలుపెట్టారు. నీళ్లు ముందు ఆవిడ చేతి మీద పోసి "ఇంత వేడి చాలా?" అని అడిగారు. అంతే. ప్లాన్‌లో "సహకరించరు" అని రాసేవాళ్లు ఎందుకు సహకరించరో పక్కన ఒక్క ముక్క రాస్తే బాగుండు.

పాతనర్సు
ఇదే నేను చెప్పాలనుకుంది. రోజువారీ పనులకి కాట్జ్ కొలత అని ఒకటుంది, 1963 నాటిది, ఇప్పటికీ వాడతారు. స్నానం, బట్టలు, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం, ఈ ఆరే. ఎవరికి ఏది ఎంత తగ్గిందో చూడటానికి పనికొస్తుంది. కానీ "స్నానానికి సాయం కావాలి" అంటే కొత్తగా వచ్చిన పిల్లకి ఏం అర్థమవుతుంది? "వీపు, పాదాలు మనం రుద్దాలి, ముఖం ఆయనే కడుక్కుంటారు, తొందరపెడితే కోప్పడతారు, కళ్లజోడు చివర్లో తీయాలి" అని రాయాలి. తను చేసుకోగలిగింది కూడా రాయాలి. లేకపోతే మనమే చేసేస్తాం, ఆరు నెలల్లో ఆయనకి అది కూడా రాకుండా పోతుంది.

నైట్‌డ్యూటీ_నాగు
ఆరుమంచాలు అక్కా, ఆయన గోలలో మిగతా ఐదుగుర్ని ఎవరైనా చూస్తున్నారా? మా దగ్గర గట్టిగా అరిచేవాళ్లకే సేవ ఎక్కువ. అడగందే అమ్మైనా పెట్టదన్నట్టు. ఒకావిడ ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుని "నాకేం వద్దు నాన్నా" అనేది. బంగారుతల్లి, ఇబ్బంది పెట్టదు అని మేమంతా మురిసిపోయాం. తీరా చూస్తే వినికిడి మిషన్ బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్లయిందో. ఎవరు ఏం అడిగినా వినపడక "వద్దు" అనేస్తోంది.

ఊరకే_చదివేవాడిని
నాగన్నా, ఈ టెక్నిక్ మా నాన్న బ్యాటరీ ఉండగానే వాడతాడు.

ఆరుమంచాలు
నాగూ, అలాంటి ఆవిడ మా దగ్గరా ఉంది. నువ్వు రాసింది చదివి లేచి వెళ్లి బరువు చూశాను. పోయిన నెల 51.2, ఇప్పుడు 48.1.

పాతనర్సు
నెలలో 5 శాతం దాటితే ఊరుకోకూడదు, ఇది 6. నోరు చూడండి ముందు. కట్టుడు పళ్లు వదులయ్యాయా, చిగుళ్ల మీద పుండుందా, మింగేటప్పుడు దగ్గు వస్తోందా, తిన్నాక గొంతు తడి తడిగా గరగరమంటోందా? మింగడం కష్టంగా ఉంటే మీరే ఏదో పలచన చేసో చిక్కగా చేసో ఇచ్చేయకండి, మింగడం పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్ట్ చూడాలి. అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు, తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. పళ్ల సెట్టు రాత్రి తీసి కడిగి పెట్టాలి. నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా తగ్గుతుందని 1999లోనే జపాన్ నర్సింగ్ హోమ్‌లలో చేసిన పరిశోధనలో తేలింది. అయినా మన దగ్గర సాయంత్రం షిఫ్ట్‌లో మొదట ఎగిరిపోయే పని అదే.

మందులడబ్బా
మింగలేకపోతున్నారని మాత్రలు నలగ్గొడుతున్నారేమో అదీ చూసుకోండి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రని పొడి చేస్తే రోజంతటికీ సరిపడా మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఏది నలపొచ్చో ఏది వద్దో మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని అడిగి డబ్బా మీదే రాసి పెట్టుకోండి.

రికార్డుల_రంగడు
టాపిక్ పక్కకి పోయింది గానీ మంచిదే అయింది. ఆరుమంచాలు గారూ, పెద్దాయన విషయంలో ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీకి ఏం జరిగితే ఉంటారు, ఏం జరగకపోతే వేరే చోటు చూడాలి అన్నది కొడుకు ముందు రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. నోటీసు ఎన్ని రోజులో మీ ఒప్పందంలో, మీ లైసెన్సు నియమాల్లో ఉంటుంది, అది చదవండి. ఆ తేదీ దాకా రాత్రికి రెండో మనిషి లేకుండా మాత్రం వద్దు.

ప్రాక్టికల్_పద్మ
రెండో మనిషి జీతం ఎవరిస్తారో కూడా రాయండి రంగడు గారూ. ఆరు మంచాల ఇంట్లో అది చిన్న విషయం కాదు.

రికార్డుల_రంగడు
నిజమే. అందుకే ఆ తేదీ.

ఆరుమంచాలు
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. నీటి మాత్ర రెండో డోసు మధ్యాహ్నం 2కి మార్చారు, నిద్రమాత్ర ఆపేశారు. మొదటి రెండు రాత్రులు నరకం. నాలుగో రోజు నుంచి పగటి కునికిపాట్లు తగ్గాయి. ఇప్పుడు రాత్రి రెండుసార్లే లేస్తున్నారు, చెప్పులు వెతకడం లేదు. ఫిజియో వచ్చి వెళ్తున్నారు. పొద్దునపూట ఒక్కరి సాయంతో నిలబడుతున్నారు, సాయంత్రం అయ్యేసరికి ఇంకా ఇద్దరం కావాలి. మడమ మామూలుగా ఉంది.
బరువు తగ్గిందన్న ఆవిడకి కింది చిగురు మీద పుండు. పళ్ల సెట్టు సరి చేయించాం. నిన్న రెండోసారి అడిగి వడ్డించుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి.
కొడుకుతో మాట్లాడాను. అమ్మకూతురు గారు అన్నట్టే, అతనికి ఏమీ తెలియదు. చెప్తే నమ్మలేదు కూడా. "సరే, ఒక రాత్రి వచ్చి పడుకో బాబూ" అన్నాను. వచ్చాడు. 3 గంటలకి వాళ్ల నాన్నని మేమిద్దరం మార్చడం గుమ్మంలో నిలబడి చూశాడు, ఏం మాట్లాడలేదు. పొద్దున వెళ్లేముందు రెండో మనిషి ఖర్చులో సగం తను పెట్టుకుంటానన్నాడు. ఆరు వారాలకి తేదీ రాసుకున్నాం. అప్పటికి రాత్రిపూట ఒక్కరితో మారలేకపోతే వేరే చోటు తనే వెతుకుతాడు, దొరికేదాకా మేం ఉంచుకుంటాం. ప్లాన్ మొత్తం తిరగరాశాను. రాత్రి డ్రిల్ శనివారం.

అమ్మకూతురు
గుమ్మంలో నిలబడి చూశాడు అన్నచోట నాకు కళ్లు తడిశాయి.

ప్రాక్టికల్_పద్మ
మా దగ్గర ఇద్దరికి కమ్మీలు దించి చూస్తున్నాం. ఒకరికి బాగానే ఉంది. రెండో ఆయన సంగతి ఇంకా చెప్పలేను.

నైట్‌డ్యూటీ_నాగు
శనివారం డ్రిల్ ముందు తాళంచెవి ఎక్కడుందో చూసుకో అక్కా.